మరీ ఎర్రని ఎరుపు

నిసార్ భాయ్ వీడియో లైబ్రరీ
బర్కత్‌పురాలో ఒక మేడమెట్ల కింద.
పై అరలో దేవుళ్ళు, నడిమి అరలో హీరోలు,
అడుగున, ఫినాయిల్ డబ్బా వెనక
ఇటలీ దెయ్యాలు.
"యే నక్కో బేటీ, రాత్రి నిద్ర పట్టదు"
అంటూనే పాత పేపర్లో చుట్టి ఇచ్చేవాడు.
రోజుకు పది రూపాయలు.
రివైండ్ చెయ్యకపోతే ఇంకో రెండు.

కథ అడక్కండి. ఉంటే కదా.
ఒక బంగళా, తెరిపి లేని వాన,
తియ్యకూడని తలుపు,
తీసే పిల్ల.
పెదవులు ఆగాక మాట వచ్చేది,
మాట ఆగాక పెదవులు కదిలేవి.
డబ్బింగ్ బొమ్మలు చూసి పెరిగినవాళ్ళం,
మాకదో లెక్కా?

కానీ ఆ వెలుగు!
ఏ దీపానిదో ఎవరూ చెప్పని నీలం.
మెట్ల మలుపులో పాచిపట్టిన పచ్చ.
మనిషన్నవాడు లేని వరండాలో
కెమెరా ఒక్కతే నడుస్తూ ఉంటే
నల్లకుంటలో మా రెండు గదుల వాటా
ఎంత పెద్దదైపోయేదో.
వంటింటి పరదా వెనక కూడా
ఇంకా బోలెడన్ని గదులు ఉన్నట్టుండేది.

తర్వాత కత్తి.
మెడ మీద గీత పడగానే
పారాణి గిన్నె ఒలికినట్టు
మరీ ఎర్రని ఎరుపు.
సుభాషిణి పెరట్లోకి పరిగెత్తి కక్కుకుని
నోరు పుక్కిలించి వచ్చి
"ఆ ముక్క మళ్ళీ పెట్టవే" అంది.
సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.
క్యాసెట్ లోపల ఇరుక్కుంది,
చావు సగంలో ఆ పిల్ల
తెల్లారేదాకా అలాగే.

ఇప్పుడు నాది బ్లడ్ బ్యాంకు ఉద్యోగం.
పంతొమ్మిదేళ్ళు.
సంచిలో నెత్తురు అంత ఎర్రగా ఉండదు,
నేరేడు పండు రంగు.
నాలుగు డిగ్రీల చలిలో
నోరు మూసుకుని పడుంటుంది.
దానికి మ్యూజిక్ లేదు.

మొన్న రాత్రి రెండింటికి
అఫ్జల్‌గంజ్ నుంచి ఒకాయన వచ్చాడు.
జేబు మీద మరక అప్పటికే
తుప్పు రంగుకు తిరిగింది.
కౌంటర్ అద్దం అవతల
పెదవులు కదిలాయి. మాట రాలేదు.
చీటీ అందుకున్నాను, గ్రూపు చదివాను,
రెండు యూనిట్లు తీసి పెట్టాను.
అప్పుడు వచ్చింది మాట:
"మా తమ్ముడమ్మా."

ఆ పొద్దున ఇంటికెళ్ళి
దుప్పటి ముసుగులో ఫోన్ పట్టుకుని
ఒక దెయ్యం సినిమా చూశాను.
"డ్యూటీలో చూసింది చాలదా?" అంది మా అమ్మాయి.
చాలదని ఎలా చెప్పను?
ఇక్కడి నెత్తురు ఎవరిదీ కాదనీ
దీనికి గ్రూపు ఉండదనీ
కౌంటర్ దగ్గర దీనికోసం ఎవరూ నిలబడరనీ
చెబితే మాత్రం ఏం అర్థమవుతుంది?

పైగా అదొక్కటే నిజమూ కాదు.
మగాడు పోతే మూడు సెకన్లు, కట్.
ఆడది పోవాలంటే ఎంతసేపు,
ఎంత పట్టు, ఎంత వెన్నెల!
జుట్టు నేలమీద పరిచి
అద్దం ముక్కల్లో ఆ ముఖాన్నే ఏడుసార్లు చూపించి...
ఆ కెమెరా ప్రేమ నాకు ఒళ్ళుమంట.
అక్కడ ఫార్వర్డ్ నొక్కుతాను.
నొక్కి, కాస్త ఆగి,
వెనక్కి తిప్పుకుంటాను.
ఎవరికీ చెప్పలేదు ఇది.

నిసార్ భాయ్ కొట్టు ఇప్పుడు సెల్ రిపేర్ షాపు.
తిరిగివ్వని క్యాసెట్ ఒకటి నా దగ్గరే ఉంది,
రీలు మీద తెల్లగా బూజు.
రోజుకు పది చొప్పున
ఎంత బాకీ పడ్డానో లెక్కెయ్యలేదు.

నిన్న డ్యూటీ దిగి వస్తుంటే
కింగ్‌కోఠీ సిగ్నల్ దగ్గర వాన.
నాలుగున్నర. రోడ్డంతా ఖాళీ.
నీళ్ళ నిండా ఎరుపు,
ఏ ఒంట్లోంచీ రానిది,
నా స్కూటీ ముందు చక్రం దాకా పాకింది.
ఎక్కడో షట్టర్ ఒకటి గాలికి కొట్టుకుంటోంది.
భయమేసింది. బావుంది.
సిగ్నల్ పచ్చబడింది.
వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.
కదల్లేదు.
మళ్ళీ ఎరుపు పడేదాకా
కదల్లేదు.